శ్రావణి ఎనిమిదో నెల

మా వీధి చివరింట్లో ఉండే అమ్మాయికి ఈమధ్య అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పోస్టింగ్ వచ్చింది. నేనూ అదే ఉద్యోగం చేసి రిటైరయ్యానని, మైసూర్‌పాక్ పట్టుకుని నరసరావుపేటలో మా ఇంటికొచ్చి, "ఆంటీ, జాయినయ్యే ముందు ఏం చదువుకోమంటారు?" అని అడిగింది. చదువుకునేదేముంది నా మొహం! పుస్తకాలు ట్రైనింగ్‌లో వాళ్ళే ఇస్తారు. గర్భిణికి ఎంత రక్తం ఉండాలి, ఏ నెలకు బిడ్డ ఎంత బరువు తూగాలి, ఎప్పుడు కూర్చోవాలి, ఎప్పుడు నిలబడాలి, అన్నీ బొమ్మలతో సహా ఉంటాయి. అందులో లేనిది ఒకటి చెబుదామని కూర్చోబెట్టాను. సగంలో ఆపేసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళిచ్చి, "పోనీ రాసిపెట్టండి ఆంటీ" అంది. అందుకని రాస్తున్నాను.

ఉద్యోగంలో ఎలా చేరాను, ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యాను అన్నది ఎవరికీ అక్కర్లేదు. పల్నాడంతా తిరిగాను. మాచర్ల ఎండలు, గురజాల బస్సులు, పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము, అన్నీ ఈ ఒంటిమీదుగానే పోయాయి. చివరి కొన్నేళ్ళు దాచేపల్లి వైపు పనిచేశాను. అక్కడ కృష్ణ మీద వంతెన దాటితే తెలంగాణ. వంతెనకు ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు, రెండింటి మధ్యా శ్రావణి అనే పిల్ల. మంచి పనులు కూడా చేశాను, చేయలేదని కాదు. కానీ ఉద్యోగం అనగానే నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది.

పెద్దమ్మా, ఉప్పు చూసిపో

శ్రావణిది అవతలి ఊరు. ఇవతలికి కోడలిగా వచ్చింది. మొగుడు నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో పనిచేసేవాడు. అత్త కోటమ్మ మిరపకోతలకు వెళ్ళేది. ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ పేరు సలోమి. నేను చూసిన టీచర్లలో నిజంగా పిల్లలంటే ఇష్టం ఉండి పనిచేసినవాళ్ళు కొద్దిమంది, వాళ్ళలో సలోమి ఒకతె.

అప్పట్లో రూలేమిటంటే, కడుపుతో ఉన్న ఆడమనిషి మధ్యాహ్నం సెంటర్‌కొచ్చి అక్కడే కూర్చుని తినాలి. అన్నం, పప్పు, ఆకుకూర, ఉడికించిన గుడ్డు, గ్లాసుడు పాలు. ఇంటికి పట్టుకుపోతే పదిమందీ పంచుకుంటారు, ఆమె నోట్లోకి పోయేది ఏమీ ఉండదు. అందుకని ఆ రూలు. రూలు మంచిదే. కానీ కోడలు ఊళ్ళోకెళ్ళి ప్రభుత్వం పెట్టే అన్నం తిని రావడమంటే మన అత్తలకు పరువు తక్కువ. కోటమ్మ నాతోనే అనేసింది.

"మా ఇంటో కూటికి లేక పంపిచ్చామనుకోరా మేడం జనం? మాకేం, చానా ఉంది తిండి."

"ఉంటే ఈ పిల్ల కింది రెప్పల లోపల చూడు, సున్నం కొట్టినట్టుంది. ఆ తిండి ఎవరు తింటున్నారు కోటమ్మా?" అన్నాను.

నా నోరు అలాంటిది. కోటమ్మ మొహం ముడుచుకుని కోడల్ని లాక్కుపోయింది. నేను చెడగొట్టిన దాన్ని సలోమి బాగు చేసింది. మర్నాడు కోటమ్మ ఇంటికెళ్ళి, "పెద్దమ్మా, మా ఆయాకు పప్పులో ఉప్పు వేయడం చేత కావట్లా. నువ్వొచ్చి చూసిపో" అని అడిగింది. వంట గురించి ఎవరైనా సలహా అడిగితే కోటమ్మ ఆగలేదు. రోజూ వచ్చేది, ఉప్పు చూసేది, ఆయాను నాలుగు మాటలనేది. వెనకే వచ్చిన శ్రావణి ఈలోపు కూర్చుని తినేది.

మొదట్లో ఆ పిల్ల గుడ్డును కొంగులో దాచేది. నేనొకసారి పట్టుకున్నాను. "ఆయనకు మేడం, రాళ్ళ పని కదా" అంది తలొంచుకుని. "ఏమే, మీ ఆయన కడుపులో ఏమైనా బిడ్డుందా?" అన్నాను. పక్కన కూర్చున్న గర్భిణులంతా పడీపడీ నవ్వారు. శ్రావణి కూడా నవ్వింది. పైపన్ను కొంచెం ఎత్తుగా ఉండేది, నవ్వినప్పుడు చేత్తో మూసుకునేది. ఆ రోజు మూసుకోవడం మరిచిపోయింది. గుడ్డు నా ఎదురుగానే తినేసింది.

రక్తం మాత్రల దగ్గర మళ్ళీ పేచీ. నల్లమాత్ర మింగితే నల్లపిల్ల పుట్టుద్దని కోటమ్మ భయం. "మా అమ్మ మింగిందా కోటమ్మా, మరి నేనెందుకు ఇంత నల్లగా ఉన్నాను? పోయి అడుగు" అన్నాను. ఆవిడ నవ్వుకుని ఊరుకుంది. మూడు నెలలు గడిచేసరికి శ్రావణి పెదవులకు రంగొచ్చింది, నడకలో ఆయాసం తగ్గింది. నర్సమ్మ వచ్చి బీపీ చూసినప్పుడల్లా మామూలుగానే ఉండేది. ఇంక ఈ పిల్లకు భయం లేదు అనుకున్నాం.

తీసేసిన పేరు

ఏడో నెలలో శ్రావణి వాళ్ళమ్మ యాదమ్మ వచ్చింది. చలిమిడి, గాజులు, పసుపూ కుంకుమా తెచ్చి, కూతుర్ని పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళింది. తొలికాన్పు పుట్టింట్లో అవడం మనకు ఎప్పటినుంచో ఉన్నదే. ఈ పథకాలు రాసిన ఆఫీసర్ల అక్కచెల్లెళ్ళు కూడా అలాగే వెళ్ళి ఉంటారు. కానీ పథకంలో మాత్రం ఆడది పెళ్ళయిన ఊళ్ళోనే ఉంటుంది, కదలదు. అదేం లెక్కో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఇక్కడ ఆమె రావట్లేదు కాబట్టి సెంటర్ లెక్కలుండే ఫోన్‌లోంచి శ్రావణి పేరును సలోమి తీసేయాల్సి వచ్చింది. తీయకపోతే ఆ భోజనం టీచరే తినేసిందని అంటారు. అవతల సెంటర్‌కు వెళ్తే, ఆధార్ ఆంధ్రాది, పేరు ఇంకా మా ఫోన్‌లోకి రాలేదు, నాలుగు రోజులాగి రమ్మన్నారు. ఊరు మారిన గర్భిణి పేరు ఎక్కించుకోవచ్చని రూల్స్‌లో ఉంది. ఉన్నదంతా జరిగితే నేనీ ముక్క రాయక్కర్లేదు. అక్కడి టీచర్ చెడ్డదేం కాదు, అన్నం మిగిలినప్పుడు పిలిచి పెట్టేదట. ఆ ఊరి నర్సమ్మ కూడా, "నువ్వు ఇవతలి దానివా అవతలి దానివా?" అని అడిగి, వచ్చేసారి చూద్దామని వెళ్ళిపోయిందట. పేరు లేని మనిషికి బీపీ చూడడం గుర్తుండదు. మేమిక్కడ, అక్కడివాళ్ళు చూస్తున్నారనుకున్నాం. వాళ్ళక్కడ, ఈ అమ్మాయి ఆంధ్రావాళ్ళ మనిషి అనుకున్నారు.

కొత్తగా చేరేవాళ్ళకు ఇది గట్టిగా చెబుతున్నాను. మీ ఊరి గర్భిణి పుట్టింటికి పోతే, ఆమె ఇంకా మీ మనిషే. పేరు తీసేయమని ఫోన్ అడిగితే తీసేయండి. మనిషిని మాత్రం వదలకండి. ఫోన్ చేస్తూ ఉండండి. మాట్లాడడానికి రూలు అక్కర్లేదు.

గడప దాటనియ్య

ఒకరోజు మధ్యాహ్నం శ్రావణే సలోమికి ఫోన్ చేసింది. తల పగిలిపోతోందని, కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నట్టుందని, గాజులు చేతికి బిగిసిపోయాయని చెప్పింది. సలోమి వెంటనే నాకు చేసింది. మా నాయనమ్మలు గుర్రపువాతం అనేవారే, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, దానికి ముందు ఇవే వస్తాయి.

మా పెద్దాఫీసరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ, "ఆమె ఇప్పుడు మన మనిషి కాదు కదండీ. పక్క రాష్ట్రంలోకి పోయి ఏమైనా తేడా వస్తే ఎవరు జవాబు చెప్తారు?" అంది. "నేను చెప్తాను" అని ఫోన్ పెట్టేసి, సెలవు పెట్టేసి, సలోమిని వెంటబెట్టుకుని ఆటోలో వంతెన దాటాను. దారిలోనే అవతలి నర్సమ్మకు ఫోన్ చేస్తే దూరంగా ఏదో క్యాంపులో ఉన్నానంది. అంబులెన్స్‌ను పిలవండి, ఆసుపత్రికి నేనూ చెబుతాను అంది.

శ్రావణి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయాయి. నుదుటికి అమృతాంజనం పట్టించి గుడ్డ కట్టారు. నన్ను చూసి లేవబోయింది. "పడుకో తల్లీ" అని పాదం మీద వేలితో నొక్కాను. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"యాదమ్మా, బండి పిలిపిస్తున్నాను. ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాలి" అన్నాను.

యాదమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇది ఎనిమిదో నెల మేడం. ఎనిమిదో నెల్ల బిడ్డను ఊరు దాటియ్యద్దు. ఎల్లుండి నెల మారుతది. తొమ్మిది పడ్డంక నేనే తీస్కపోత."

"ఎల్లుండి దాకా ఉండదు. ఇది మామూలు నీరు కాదు, బీపీ. ఫిట్స్ వస్తే నీ కూతురు నీకు దక్కదు."

"నా పెద్ద బిడ్డ గూడ ఎనిమిదో నెల్లనే పోయింది మేడం. కడుపుల నొప్పని ఆటో ఎక్కిచ్చిన్రు. ఆ కుదుపుకే పోయింది. నేను ఇంకోసారి..."

నేనా మాట పూర్తి కానివ్వలేదు. అరిచాను. "నీకు బుద్ధుందా లేదా? కూతుర్ని చేతులారా చంపుకుంటావా? ఏ కాలంలో ఉన్నావు నువ్వు? నీలాంటి వాళ్ళను ఏమనాలి?" ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. వీధిలో జనం పోగయ్యారు. శ్రావణి మొగుడికి ఫోన్ చేశాను, యాదమ్మత్తయ్య ఎట్టంటే అట్టా చేయమన్నాడు. కోటమ్మకు చేశాను, ఆవిడ కూడా, "ఎనిమిదో నెల మేడం, నెల మారనీ" అంది. అంబులెన్స్ వచ్చి వాకిట్లో ఆగింది. యాదమ్మ, "నీకు దండం పెడ్త మేడం, గడప దాటనియ్య" అని మంచానికి అడ్డంగా కూర్చుంది. ఏ హక్కుతో లాగను? అక్కడ నేను ఏ ఆఫీసర్నీ కాదు. శ్రావణిని అడిగాను, "నువ్వు చెప్పు తల్లీ, పోదామా?" అని. ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు చూసి, "అమ్మ చెప్పినట్టే మేడం" అంది. బండి కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఉప్పు మానేయమని, ఎడమవైపు తిరిగి పడుకోమని చెప్పి, మేం వచ్చేశాం. ఇంకేం చెప్పను, మనసును రాయి చేసుకుని వచ్చేశాం.

మర్నాడు తెల్లారి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు ఏ నెలా అడ్డం రాలేదు, ఎత్తుకుని పరిగెత్తారు. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. శ్రావణి కళ్ళు తెరవలేదు. సాయంత్రానికి పోయింది.

నేనెళ్ళేసరికి యాదమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తర్వాత డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, నిన్న తెచ్చి ఉంటే మందులతో అదుపు చేసి బతికించేవాళ్ళం అంది. ఆ మాట నాలోనే ఉంచుకున్నాను.

ఆ ఎనిమిదో నెల పట్టింపు ఎందుకు వచ్చిందో ఆ తల్లి నాకు చెప్పబోయింది. మూఢనమ్మకం అనుకుని నేను అడ్డం పడ్డాను. ఆమెది మూఢనమ్మకం కాదు, భయం. భయపడేవాళ్ళను అరిస్తే ఇంకా బిగుసుకుపోతారు. కోటమ్మ దగ్గర సలోమి ఏం చేసిందో కళ్ళారా చూసి కూడా నేను నేర్చుకోలేదు. ఆ రోజు ఆ వాకిట్లో కాసేపు కూర్చుని, పెద్దపిల్ల సంగతి అడిగి ఉంటే ఏమయ్యేదో తెలియదు. మీరు మాత్రం అడగండి.

తల్లి లేని బిడ్డ

దినం రోజున కోటమ్మ యాదమ్మను పట్టుకుని, "నా కోడల్ని పొట్టన పెట్టుకున్నావ్ వదినా. నా గడప తొక్కావంటే మర్యాద దక్కదు" అంది. తనూ ఫోన్‌లో నెల మారనీ అన్నానన్న సంగతి ఆవిడకు గుర్తు లేదో, గుర్తుండే అంత కోపమో. బిడ్డను తీసుకుని వంతెన దాటి వచ్చేసింది. పిడికెడంత పిల్ల. ఏడుపు కూడా సరిగా వినపడేది కాదు.

ఇప్పుడు మా పథకం సంగతి వినండి. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టాలి, కాబట్టి బిడ్డకు విడిగా ఏమీ ఇవ్వరు. పాలు పడాలని తల్లికి ఇస్తారు. తల్లి లేదు. తల్లికి వచ్చేదీ లేదు, బిడ్డకు వచ్చేదీ లేదు. అన్నిటికంటే ఎక్కువ అవసరమున్న బిడ్డకే మా దగ్గర ఏమీ లేదు. మీటింగ్‌లో లేచి అడిగాను. పైకి రాస్తామన్నారు. రాశారేమో, నాకు జవాబు రాలేదు.

పక్కింటి బాలింత ఒకామె కొన్నాళ్ళు తన పాలు పట్టింది. తర్వాత ఆమె మొగుడు వద్దన్నాడు. అప్పుడొక రోజు మా పెద్దాఫీసరమ్మ నన్ను గదిలోకి పిలిచి, సంచి చేతికిచ్చింది. నిండా పాలపొడి డబ్బాలు. "నేనిచ్చానని ఎక్కడా అనకండి" అంది. అయిపోయినప్పుడల్లా ఇంకో సంచి వచ్చేది. ఆవిడను నేను అంతకుముందు చాలా తిట్టుకున్నాను. ఆ రోజు వెళ్ళకండి అన్నదీ ఆవిడే, ఈ బిడ్డను బతికించిందీ ఆవిడే. మనుషుల్ని ఒకే మాటలో తేల్చేయకండి.

పిల్ల బతికింది. కోటమ్మ దాన్ని చిట్టీ అని పిలిచేది. అన్నీ ఆలస్యంగానే చేసింది. కూర్చోవడం ఆలస్యం, నిలబడడం ఆలస్యం, మాట మరీ ఆలస్యం. కోటమ్మ ప్రేమగానే చూసుకునేది కానీ ఆవిడా కొడుకూ పనికి పోతే పిల్ల మంచంకోళ్ళకు కట్టిన ఉయ్యాల్లోనే ఉండేది. బిడ్డతో మాట్లాడుతూ ఉండాలి, ఆడించాలి, పేరు పెట్టి పిలవాలి, లేకపోతే మెదడు ఎదగదు అని మేం పాఠాలు చెబుతాం. పొద్దస్తమానం మిరపచేలో వంగిన మనిషి ఇంటికొచ్చి ఏం మాట్లాడుతుంది? చేర్చుకునే వయసు నిండకపోయినా సలోమి ఆ పిల్లను సెంటర్‌లో ఉంచుకుంది. చంకనేసుకునే వంట చూసేది, చంకనేసుకునే పిల్లలకు పాఠం చెప్పేది. మూడేళ్ళు దగ్గరపడుతుంటే చిట్టి నోటి వెంట మొదటి మాట వచ్చింది. సలోమిని చూసి "అమ్మ" అంది. సలోమి ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

యాదమ్మ అడిగిన మాట

రిటైరయ్యే ముందు అన్ని సెంటర్లకూ ఒకసారి వెళ్ళి చెప్పి వచ్చాను. సలోమి సెంటర్‌కు వెళ్ళేసరికి లోపల గోడవారగా యాదమ్మ కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసిపోయింది, నేను వెంటనే పోల్చుకోలేదు. కోటమ్మ కోతలకు పోయిన రోజుల్లో బస్సెక్కి వచ్చి, మనవరాల్ని చూసి, కోటమ్మ రాకముందే వెళ్ళిపోతోందట. సలోమి ఎవరికీ చెప్పకుండా లోపలికి రానిస్తోంది. రూలు ఒప్పుకోదు. నేనూ ఏమనలేదు.

చిట్టికి ఆమె ఎవరో తెలియదు. సలోమి చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక నుంచి తొంగిచూస్తోంది. యాదమ్మ కొబ్బరిముక్క చేతిలో పట్టుకుని, "రా బిడ్డా, రా" అంటోంది. పిల్ల నవ్వింది. పైపన్ను ఎత్తు, అచ్చం తల్లిదే. నాకు చూపు తిప్పుకోవాల్సి వచ్చింది.

కాసేపయ్యాక యాదమ్మ నా దగ్గరకొచ్చి కింద కూర్చుంది. కుర్చీ వేయమంటే వద్దంది. నేనే కుర్చీ దిగి పక్కన కూర్చున్నాను.

"మేడం, ఒక్కటి అడుగుత. నిజం జెప్పాలె. ఆ రోజు నువ్వు జెప్పినట్టు బండి ఎక్కిస్తే నా బిడ్డ బతుకుతుండెనా?"

ఉద్యోగమంతా ఉన్నమాట మొహంమీద అనేసే దాన్ని. డాక్టరమ్మ చెప్పింది నాకు తెలుసు. ఆ ముసలిదాని చేతులు చూశాను, ఒకదాన్ని ఒకటి పట్టుకుని నలుపుకుంటున్నాయి. నా వల్ల కాలేదు.

"లేదమ్మా. అప్పటికే చేయి దాటిపోయింది. ఆ రోజు తీసుకుపోయినా దక్కేది కాదు. నీ తప్పేం లేదు" అన్నాను.

యాదమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"దక్కకపోయేదైతే, ఆ రోజు నా వాకిట్ల నిలవడి గంతగనం ఎందుకు తిట్టినవ్ మేడం?" అంది.

సలోమి అటు తిరిగి నిలబడింది. యాదమ్మ లేచి, కొబ్బరిముక్క చిట్టి చేతిలో పెట్టి, కోటమ్మొచ్చే వేళయిందని వంతెన బస్సు కోసం రోడ్డుమీదికి వెళ్ళిపోయింది.